గుంతలో సున్నం... పుస్తకంలో సూత్రం!

పరీక్షలో ఒక్క మార్కు పోగొట్టే అంకె, రొయ్యల గుంతలో పంటనే పోగొట్టగలదు. పదో తరగతి సమీకరణం నెల్లూరు తీర రైతుకు చెప్పే లెక్క ఇది.

తెల్లారితే సైన్సు పరీక్ష. 'సమీకరణాన్ని తుల్యం చేయండి' అన్న ప్రశ్న దగ్గర పిల్లాడి పెన్ను ఆగిపోయింది. 'ఇదంతా ఎందుకు నాన్నా?' అంటాడు. ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు ఎంతోమంది నాన్నలు రొయ్యల రైతులే. జవాబు వాళ్ల షెడ్డులోనే ఉంది... సున్నం బస్తాల్లో!

మిగిలిన మేత, రొయ్యల వ్యర్థాలు కుళ్లితే గుంత అడుగున ఆమ్లత్వం పెరుగుతుంది. రొయ్యకేమో నీటి పీహెచ్ 7.5 నుంచి 8.5 మధ్య ఉంటే హాయి. అందుకే పంట తీశాక గుంతను ఎండబెట్టి సున్నం చల్లుతారు. ఆమ్లాన్ని క్షారగుణమున్న సున్నం విరిచేస్తుంది. పుస్తకంలో దీని పేరే తటస్థీకరణం.

ఆ 2 ఎక్కడిది?

సున్నపురాయి పొడి అంటే కాల్షియం కార్బనేట్. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిస్తే కాల్షియం క్లోరైడ్, నీరు, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. కాల్షియం క్లోరైడ్‌లో క్లోరిన్లు రెండు, ఆమ్లంలో ఒక్కటే. కాబట్టి ఆమ్లం ముందు 2 వేయాలి. అంతే, హైడ్రోజన్, ఆక్సిజన్ల లెక్క కూడా కుదిరిపోతుంది. సూత్రం లోపలి చిన్న అంకెల్ని మాత్రం ముట్టుకోకూడదు. మారిస్తే పదార్థమే మారిపోతుంది!

ఇప్పుడు తూకం. 73 గ్రాముల ఆమ్లాన్ని విరిచేందుకు 100 గ్రాముల సున్నపురాయి పొడి కావాలి. అదే పని తడిసున్నమైతే 74 గ్రాములు, పొడిసున్నమైతే 56 గ్రాములే చేస్తాయి. గుంతలో ఆమ్లాలు వేరే అయినా ఈ సున్నాల మధ్య నిష్పత్తి మారదు.

బస్తా మారితే మోతాదూ మారాలి

100 కిలోల సున్నపురాయి పొడి బదులు అంతే పొడిసున్నం వేస్తే, మోతాదు దాదాపు రెట్టింపైనట్టే. రొయ్యలున్న గుంతలో అయితే మరీ ప్రమాదం. పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. నీటిలోని అమ్మోనియా విషరూపం దాలుస్తుంది. అందుకే పొడిసున్నాన్ని ఖాళీ గుంతకే పరిమితం చేయాలి. చల్లేటప్పుడు కళ్లు, చేతులు కూడా జాగ్రత్త! సున్నపురాయి పొడి నిదానంగా పనిచేస్తుంది, పీహెచ్‌ను 8.3 దాటించదు.

ఈసారి మీ పిల్లాడు 'ఎందుకిది?' అంటే, బస్తా మీది పేరు, స్వచ్ఛత శాతం చదివించండి. లెక్క వాడినే చేయమనండి. మార్కుతోపాటు పంటా దక్కుతుంది!