లారీ అంకెకు లెక్కుంది... సెల్‌ఫోను అంకెకు ఏదీ?

సాలూరు: విజయవాడ తర్వాత లారీలకు పేరుపడిన ఊరు సాలూరు. ఇక్కడి షెడ్డులో పనిచేసే కుర్రాడిని అడిగినా లారీ మోడలు నంబరును విడమరచి చెబుతాడు. టాటా 1613 అంటే బండి, సరుకు కలిపి సుమారు 16 టన్నులు. ఇంజను బలం సుమారు 130 గుర్రాలు. 2515 అంటే 25 టన్నులు, 150 గుర్రాలు. ఎంత మోస్తుందో, ఒడిశా వైపు ఘాటీ ఎక్కడానికి ఎంత సత్తా ఉందో పేరులోనే ఉంది. 2018లో కేంద్ర ప్రభుత్వం మూడు ఇరుసుల లారీ బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. ఆ తర్వాత 2818 వంటి అంకెలతో బండ్లు వచ్చాయి. బరువు మారింది, అంకె కూడా మారింది.

ఇలాంటి ఊళ్లోనే సెల్‌ఫోను దుకాణం మెట్లెక్కితే ఎంతటి లెక్కలవాడికైనా తికమక తప్పడం లేదు.

ఒక్క తొమ్మిదికి పదకొండు పేర్లు

2020లో షియోమీ కంపెనీ మన దేశంలో అమ్మిన ఫోన్లే ఇందుకు ఉదాహరణ. రెడ్‌మీ 9, 9ఎ, 9ఐ, 9 ప్రైమ్, 9 పవర్ అంటూ ఐదు వచ్చాయి. నోట్ 9, నోట్ 9 ప్రో, నోట్ 9 ప్రో మ్యాక్స్ వీటికి అదనం. మరుసటి ఏడాది 9 యాక్టివ్, 9ఎ స్పోర్ట్, 9ఐ స్పోర్ట్ తోడయ్యాయి. వెరసి పదకొండు. ఈ తొమ్మిది బరువు కాదు, బలమూ కాదు. ఎనిమిది తర్వాత వచ్చిందని మాత్రమే దానర్థం. 9ఎ, 9ఐ ఫోన్లలో చిప్ ఒకటే. తేడా ర్యామ్‌లో ఉంది. మొదటిదానికి 2 లేక 3 జీబీ, రెండోదానికి 4 జీబీ. 9 పవర్‌లో బ్యాటరీ 6000, 9ఎలో 5000. పేరు చదివితే ఇవేవీ తెలియవు.

మరో చిక్కు కూడా ఉంది. విదేశాల్లో రెడ్‌మీ 9గా అమ్మిన ఫోను ఇక్కడ 9 ప్రైమ్ అయింది. ఇక్కడ రెడ్‌మీ 9గా అమ్మినది వేరే ఫోను. గల్ఫ్ వెళ్లిన కొడుకు తెచ్చిన రెడ్‌మీ 9 డిస్‌ప్లే పగిలితే, ఇక్కడి రెడ్‌మీ 9 డిస్‌ప్లే దానికి సరిపోదు. ఈ పేర్ల గందరగోళం ఒక్క కంపెనీకే పరిమితం కాదు.

నష్టపోయేది ఎవరు?

పట్నంలో చదువుకున్నవారు నాలుగుచోట్ల విచారించి కొంటారు. కొండ దిగి, జీడిపిక్కలు, చింతపండు అమ్మిన డబ్బుతో వచ్చే వారికి ఆ అవకాశం తక్కువ. 2020లో బడులు మూతపడి పాఠాలు ఫోనులోకి వచ్చినప్పుడు, పిల్లల కోసం అప్పుచేసి కొన్నవారెందరో ఉన్నారు. బావమరిది 'రెడ్‌మీ తొమ్మిది' తెమ్మంటాడు. దుకాణంలో ఇచ్చిన 9ఎ కూడా తొమ్మిదే! అబద్ధమని అనలేం. ర్యామ్, స్టోరేజి తక్కువైన ఫోను కొన్నాళ్లకే నత్తనడక నడిస్తే, పాఠం మధ్యలో ఆగిపోతే పిల్లవాడిని తిట్టుకోవడం మిగులుతోంది. తప్పుడు విడిభాగం తెచ్చుకుంటే బస్సు ఛార్జీలు, ఒక రోజు కూలి కూడా పోతాయి.

ఫ్రిజ్జు విషయంలో కొంత నయం. ప్రభుత్వం 2006లో ప్రారంభించిన స్టార్ లేబుల్ విధానంలో మోడలు పేరుతోపాటు, ఏడాదికి ఎన్ని యూనిట్ల కరెంటు ఖర్చవుతుందో లేబుల్‌పై ముద్రిస్తారు. అయితే ప్రమాణాలను అప్పుడప్పుడు కఠినతరం చేస్తుంటారు. పాత లెక్కలో ఐదు నక్షత్రాలున్నది కొత్త లెక్కలో తగ్గవచ్చు. కనుక నక్షత్రాలను లెక్కపెట్టడంకన్నా, లేబుల్‌పై కాలం, యూనిట్లు చూడటం మేలు.

కొనేముందు ఇలా చేయండి

దుకాణదారును ఫోను పేరు అడిగి ఊరుకోకండి. ర్యామ్ ఎంత, స్టోరేజి ఎంత, బ్యాటరీ ఎంత, 4జీనా 5జీనా అని నాలుగు ప్రశ్నలు వేయండి. ఫోను సెట్టింగుల్లో 'ఎబౌట్ ఫోన్' అనేచోట అసలు మోడలు నంబరు ఉంటుంది. దానిని కాగితంపై రాసి దాచుకోండి. ఉదాహరణకు 9ఎ ఫోను నంబరు ఎం2006సి3ఎల్ఐ. అందులో 2006 అంటే 2020వ సంవత్సరం ఆరో నెల. డిస్‌ప్లే, బ్యాటరీ కొనేటప్పుడు ఈ నంబరే చూపాలి.

స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. పెట్టెపైన, బిల్లుపైన కూడా అదే ఉండాలి. ఇంగ్లిషులో కె.వై.ఎం. అక్షరాలను చుక్కలు లేకుండా కొట్టి, కాస్త ఖాళీ వదిలి ఆ 15 అంకెలు వేసి 14422కు మెసేజి పంపితే ఫోను వివరాలు వస్తాయి. సెకండ్ హ్యాండు ఫోను కొనేవారికి ఇది మరీ అవసరం.

బిల్లు లేకుండా కొనవద్దు. చెప్పినది ఒకటి, ఇచ్చినది ఒకటి అయితే 1915కు ఫోను చేయవచ్చు. వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకోవడం కొనుగోలుదారు హక్కని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయలలోపు కొనుగోలుకు రుసుము లేదు.

కంపెనీలు ఎన్ని పేర్లయినా పెట్టుకోవచ్చు. కాని ర్యామ్, స్టోరేజి, బ్యాటరీ వివరాలను పెట్టెపై పెద్ద అక్షరాలతో, తెలుగులో ముద్రించేలా అధికారులు చొరవ తీసుకోవాలి. ఇనుప బండి పేరులో ఉన్న నిజాయితీ అద్దాల ఫోను పేరులోనూ ఉంటే, కొండ దిగివచ్చిన రైతు కష్టార్జితం వృథా కాదు.