తెరమీది సంఖ్యలకు వెరపేల?

పాలు పొంగినంతమాత్రమున పొయ్యి చెడినదని యే యిల్లాలును తలపదు. మంట తగ్గించి తన పని తాను చూచుకొనును. కాని కంప్యూటరు తెరపై "తప్పు" అను మాట కానవచ్చినచో ఆ యిల్లాలికే గుండె జల్లుమనును.

మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15వ తేదీ నుండి లభించెను. కొన్ని యేండ్లకు, టెలిఫోను తీగ వెంట, భద్రాచలము చెంత అడవియంచున నున్న మా పుట్టినింటికిని అది వచ్చెను. ఒకనాడు మా తల్లి, హైదరాబాదున చదువుచున్న మా యన్న లేఖను చూడబోగా తెరపై 678 అను సంఖ్య నిలిచెను. యంత్రమును తానే పాడుచేసితినని యామె వారము దినములు దానిని ముట్టలేదు. ఆ లేఖలో పరీక్షరుసుము సంగతి యుండెను, గడువు దాటిపోయెను. 678 అనగా అవతలివైపు జవాబు లేదనుటయే. మరల డయలు చేసిన కలిసియుండెడిదేమో!

మోడెమనునది కంప్యూటరు సంకేతములను ధ్వనులుగా మార్చి తీగపై పంపును. వచ్చిన ధ్వనులను మరల సంకేతములుగా మార్చును. కలియునపుడు వినవచ్చు ఆ కీచుధ్వని రెండు యంత్రముల పలకరింపు. పలకరింపు కుదరనిచో విండోసు ఒక సంఖ్యను చూపును. 676 అనగా అవతలి లైను ఖాళీ లేదు. కొంత తాళి మరల డయలు చేయవలెను. 680 అనగా డయలుటోను లేదు. తీగ ఊడినదేమో, పక్కగదిలో రిసీవరు పక్కకు పెట్టియున్నదేమో చూడవలెను. 691 అనగా పేరో, సంకేతపదమో సరిపడలేదు; పెద్దయక్షరముల మీట నొక్కబడి యుండవచ్చును. వీనిలో నేదియు యంత్రము చెడినదని చెప్పదు. వానకాలమున రిసీవరులో గరగర వినవచ్చినచో అతుకులలో తడి చేరియుండవచ్చును. అది లైనుమాను పని, మన తప్పు గాదు.

ఆ మోడెముల కాలము గడచినది. నేడు మన చేత సెల్‌ఫోనున్నది. అడవిదారిలో "నెట్‌వర్కు లేదు" అని యది పలికినను అర్థమంతియే: కొంత సేపాగుము, కొంత దూరము నడువుము.

అయినను ఒక భేదమెరుగవలెను. నిజమైన తప్పుసందేశము జరిగినది చెప్పి యూరకుండును. "నీ ఫోను చెడినది, ఈ నంబరునకు వెంటనే పిలువుము, ఓటీపీ చెప్పుము, సొమ్ము పంపుము" అని తొందరపెట్టునది యంత్రము మాట గాదు, దొంగ మాట. దానికి బదులీయరాదు. సొమ్ము పోయినచో జాగుసేయక 1930కి ఫోను చేయవలెను.

వెరచి విడిచినచో మా యింట గడువు దాటినది. చదివి తెలిసికొన్నచో దాటియుండెడిది కాదు. కావున తెరపై నేమున్నదో మొదట నిదానముగ చదువుడు. పిమ్మట మరల యత్నింపుడు.