సముద్రగర్భపు లెక్కలు

2005వ సంవత్సరము జనవరి 8వ తేదీన అమెరికా నౌకాదళమునకు చెందిన 'శాన్ ఫ్రాన్సిస్కో' అను జలాంతర్గామి, పసిఫిక్ మహాసముద్రమున గువామ్ దీవికి ఆగ్నేయముగా పోవుచు, నీటిలో దాగియున్న పర్వతమును ఢీకొనెను. ఒక నావికుడు మరణించెను, పెక్కురు గాయపడిరి. నావికులు నమ్ముకొన్న పటములో ఆ పర్వతము లేదు.

పటములలో ఇట్టి లోపములెట్లు కలుగును? నౌకలనుండి ధ్వనితరంగములను సముద్రపుటడుగునకు పంపి, ప్రతిధ్వని మరలివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి లోతును కనుగొందురు. అయితే నౌకలు తిరుగు దారులందే కొలతలు దట్టముగా నుండును. దారుల నడుమ విశాలమైన చోట్లు శూన్యముగా నుండును.

చెదరిన ఈ కొలతలను క్రమపరచుటకు భూభౌతిక శాస్త్రజ్ఞులు కంప్యూటరును ఆశ్రయింతురు. 'జి.ఎం.టి.' అను ప్రోగ్రాముల సముదాయము అట్టి సాధనములలో నొకటి. పాల్ వెసెల్, వాల్టర్ స్మిత్ అను ఇరువురు కొలంబియా విశ్వవిద్యాలయమున విద్యార్థులుగా నున్నపుడు, 1980వ దశాబ్దిలో దానిని ఆరంభించిరి.

లెక్కించు పద్ధతి యిట్టిది. పటముపై సమదూరమున గళ్లు గీచి, ప్రతి కూడలి చుట్టును ఒక వృత్తమును ఊహింతురు. అందు పడిన కొలతల సంఖ్యను, సగటును, మధ్యగతమును గణించి ప్రక్క కూడలికి జరుగుదురు. ఇట్లు జరుగుచు లెక్కించుటచే వీనిని చలించు గణాంకములందురు. వృత్తములు ఒండొంటిపై పడినపుడు ఒకే కొలత పలుచోట్ల లెక్కకు వచ్చును. ఒక్కమారే రావలెనన్నచో పటమును చతురస్రములుగనో షడ్భుజములుగనో విభజింతురు.

ఒక వృత్తములో 3990, 4000, 4010, 4020, 400 మీటర్ల కొలతలున్నవనుకొందము. వాని సగటు 3284. అంత లోతును ఏ నౌకయు కొలువలేదు! వరుసగా పేర్చినచో నడుమ నుండు మధ్యగతము 4000. కావున 400 అనునది సున్న జారిన తప్పని తోచును. కాని అది నిజముగా పర్వతశిఖరమైనచో? మధ్యగతము దానిని మరుగుపరచును. అట్టి కొలతను తుడిచివేయక మరల పరిశీలింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది కొలతల సంఖ్య. ఒకచోట 50 కొలతలనుండియు, మరియొకచోట ఒకే కొలతనుండియు 4000 అను ఫలితమే వచ్చినను, రెంటిని సమానముగా నమ్మరాదు. సంఖ్య సున్న అయినచోట 'పర్వతము లేదు' అని అర్థము కాదు. 'ఎవరును కొలువలేదు' అని అర్థము. ఈ భేదమును మరచుట ప్రాణములకే ముప్పు.

బాలలారా! ఎచ్చటనైనను సగటు కనబడినపుడు, అది యెన్ని కొలతలనుండి పుట్టినదో తప్పక అడుగుడు.