పరదేశమున గ్రంథాలయము

నెల్లూరు మండలపు సముద్రతీరమున కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మొదలగు ఊళ్లు కలవు. వరిచేలు, రొయ్యల గుంటలు, బకింగుహాము కాలువ, దాని కావల ఇసుకతిన్నెలు - ఇదియే ఆ సీమ రూపము. అచ్చటి కుటుంబములలో పెక్కింటికి నేడు అమెరికాతో సంబంధ మేర్పడినది. కొడుకో, కోడలో, మేనల్లుడో చదువునకో ఉద్యోగమునకో ఆ దేశము చేరియుండుట సామాన్యమైపోయినది. 1840లో శామ్యూల్ డే అను అమెరికా మతబోధకుడు క్రొత్తవాడై నెల్లూరు చేరెను. నేడు నెల్లూరివారు క్రొత్తవారై అమెరికా చేరుచున్నారు. కాలము త్రిప్పు ఇట్టిది.

క్రొత్త దేశమున కాలు మోపినవానికి మొదటి నెలలు కష్టముగా గడచును. చేతిలోని రూకలు డాలరులలోనికి మారగానే కరగిపోవును. ఇంటి అద్దె యెక్కువ. కారు లేనిదే అంగడికైనను పోవుటకు వీలులేని ఊళ్లు అనేకము. ఉద్యోగికి ఆఫీసున నలుగురైనను పరిచయమగుదురు. అతని భార్య స్థితి వేరు. ఆమె ఇచ్చట పట్టము పుచ్చుకొన్నదే కావచ్చును; భర్త వీసా ననుసరించి వెళ్లినందున ఉద్యోగము చేయుటకు ఆమెకు చాలకాలము అనుమతి యుండెడిది కాదు. 2015 నుండి కొందరికి మాత్రమే ఆ వెసులుబాటు కలిగినది. ఇక మనుమలను చూచుటకై వెళ్లిన తాతకు, అవ్వకు పగలెల్ల నాలుగు గోడలే లోకము. వీధిలో నిలిచి పలకరింత మన్నను మనుష్యుడు కనబడడు. ఇట్టివారందరును పైసా ఖర్చులేక పోయి, గంటలకొలది కూర్చుండి, యెవరి అనుమతియు కోరక మరలి రాదగిన చోటు ఒకటి ఆ దేశపు ఊళ్లలో సామాన్యముగా నుండును. అదియే పౌరగ్రంథాలయము.

అది యెవరి సొమ్ముతో నడచుచున్నదో మొదట తెలిసికొనవలెను. అది దాతల ధర్మము కాదు. 1833లో న్యూ హాంప్‌షైరు రాష్ట్రమందలి పీటర్‌బరో అను చిన్న ఊరివారు పన్నుల సొమ్ముతో అందరికిని ఉచితముగా పుస్తకము లిచ్చు గ్రంథాలయము నెలకొల్పిరి. బోస్టను నగర గ్రంథాలయము 1854లో తలుపులు తెరచెను. నాటినుండి ఈ పద్ధతి దేశమంతట వ్యాపించినది. ఇండ్లమీదను స్థలములమీదను స్థానిక ప్రభుత్వము వసూలుచేయు పన్నులో కొంతభాగ మీ గ్రంథాలయములకు పోవును. అద్దె యింటిలో నున్నవాడు సైతము తా నిచ్చు అద్దెద్వారా ఆ పన్నులో పాలుపంచుకొన్నవాడే. కావున క్రొత్తవాడు అచ్చటికి బిచ్చగానివలె సంకోచపడుచు పోనక్కరలేదు.

ఈ యేర్పాటు తెలుగువారికి వింత కాదు. 1914లో విజయవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్య దాని కొఱకు జీవితమును ధారపోసెను. నెల్లూరికి ఉత్తరమున ఇదే తీరమందున్న వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనమునకు 1929లో గాంధీజీ స్వయముగా శంకుస్థాపన చేసెను. 1935లో పాతూరి నాగభూషణము పెదపాలెమునుండి కాలువపై పడవలో పుస్తకములు పంపి, గట్టున నున్న పల్లెలవారిచేత చదివించెను. పిమ్మట 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ చట్టము వచ్చినది. అప్పటికి నెల్లూరు ఆ రాష్ట్రములోనిదే. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము క్రింద నేటికిని ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా చేరుచున్నవి. భేదమెల్ల ఆచరణయందే. మన శాఖాగ్రంథాలయములలో పుస్తకమును ఇంటికి కొనిపోవలెనన్న సాధారణముగా కొంత ధరావతు కట్టవలెను. అమెరికాలో ఆ ఊరి నివాసికి ధరావతు లేదు.

అచ్చట సభ్యత్వము పొందు విధము మిక్కిలి సులభము. తన ఫొటో గల గుర్తింపు పత్రమును, అద్దె ఒప్పందమునో తన పేరిట వచ్చిన కరెంటు బిల్లునో చూపినచో, సాధారణముగా ఆ పూటనే కార్డు చేతికి వచ్చును. ఏ దేశపు పౌరుడవని అడుగరు. పిల్లలకు వేరు కార్డు లిత్తురు. తన పేరు గల కార్డు చేతబట్టిన బాలుని ముఖము చూడదగినది. పుస్తకములు రెండు మూడు వారములు ఉంచుకొనవచ్చును. ఇతరు లెవ్వరును కోరకయున్నచో గడువు పొడిగింతురు. మూసియున్న వేళ వచ్చినవాడు గోడలోని పెట్టెలో పుస్తకము వేసి పోవచ్చును. ఆలస్యమునకు జరిమానా వేయుట పూర్వాచారము. పేదలు దానికి వెఱచి గ్రంథాలయమునకే రాకుండుట గమనించి, 2019లో షికాగో నగరమును, 2021లో న్యూయార్కు నగరమును దానిని రద్దుచేసినవి. అయితే పోగొట్టిన పుస్తకమునకు వెల చెల్లింపవలసినదే.

పుస్తకముల అరలు అందరికిని తెరచియుండును. వేలకొలది పుస్తకములలో కావలసినదాని నెట్లు కనుగొనుట? 1876లో మెల్విల్ డ్యూయీ అను గ్రంథపాలకుడు సమస్త విద్యలను పది తరగతులుగా విభజించి, ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క అంకె నిచ్చెను. అతని లెక్కలో శాస్త్రములు 500, చరిత్ర భూగోళములు 900. తెలుగు సాహిత్యమునకు 894.827. ఆ అంకె పుస్తకపు వెన్నుమీద అంటించియుండును. ఈ క్రమము నెల్లూరున నేర్చినను న్యూజెర్సీలో నేర్చినను ఒకటే. డ్యూయీ పద్ధతి నవలంబించిన గ్రంథాలయము ఏ దేశమున నున్నను, దాని నెఱిగినవాడు అచ్చట దారి తప్పడు.

అంతకంటె ముఖ్యమైనది అడుగుట. మనవారికి ఒక అలవాటు కలదు. ఏ సందేహము వచ్చినను బంధువు నడుగుదురు, వాని స్నేహితు నడుగుదురు. అపరిచితు నడుగుటకు మాత్రము సిగ్గుపడుదురు. అమెరికా గ్రంథాలయమున ఒక మేజావెనుక కూర్చుండు గ్రంథపాలకునికి ప్రశ్నలకు సమాధానము చూపుటయే ఉద్యోగము. కారు నడుపుటకు అనుమతి పొందు పరీక్షకు ఏ పుస్తకము చదువవలెను? ఆదాయపు పన్ను పత్రములు నింపుటకు ఉచితముగా సాయపడువా రెవరు? పిల్లను బడిలో చేర్చుట కేమి కావలెను? ఇట్టి వేవి యడిగినను ఆయన విసుగుకొనడు. తనకు తెలియనిచో తెలిసినవారి చోటు చూపును. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగినను తప్పులేదు. ఆ ఇంగ్లీషు బాగుపడుటకు చాల గ్రంథాలయములలో వారమునకొకమారు సంభాషణ సభలు జరుగును. పది దేశముల స్త్రీపురుషులు గుండ్రముగా కూర్చుండి, తప్పులతోనే మాటలాడుచు నేర్చుకొందురు. నెల్లూరి కోడలికి మెక్సికో గృహిణి స్నేహితురాలగుట అచ్చటనే సంభవించును. వేసవిలో పిల్లలకు పఠనపు పోటీలు, పసివారికి కథలు చెప్పు గంట, ఉద్యోగము వెదకువారికి కంప్యూటరులు - ఇవి యన్నియు ఆ కప్పుక్రిందనే యుండును.

గ్రంథాలయము క్రొత్తవానికి ఏమి చేయగలదో తెలుపుటకు ఆండ్రూ కార్నెగీ చరిత్రమును మించిన ఉదాహరణ మరియొకటి లేదు. అతడు స్కాట్లండు దేశపు నేతపనివాని కొడుకు. ఆవిరి మగ్గములు వచ్చి చేతిమగ్గము మూలపడగా, 1848లో ఆ కుటుంబము అమెరికాకు వలసపోయెను. పండ్రెండేండ్ల ఆండ్రూ వారమునకు ఒక డాలరు ఇరువది సెంట్ల కూలికి నూలుమిల్లున కండెలు అందించుచుండెను. పిదప తంతివార్తలు మోయు కుఱ్ఱవాడయ్యెను. ఆ ఊరిలో కర్నల్ ఆండర్సను అను పెద్దమనుష్యుడు తన నాలుగువందల పుస్తకములను పనిచేయు బాలురకు ప్రతి శనివారము ఎరువిచ్చుచుండెడివాడు. కొంతకాలమునకు గ్రంథపాలకుడు, ఒడంబడికపై పని నేర్చుకొను బాలురకే అవి ఉచితమనియు, తక్కినవారు రెండు డాలరులు కట్టవలెననియు నిర్బంధించెను. ఆండ్రూ ఊరకుండలేదు. ఇది దాత ఉద్దేశము కాదని వార్తాపత్రికకు లేఖ వ్రాసెను; వాదము గెలిచెను. పెద్దవాడై ఉక్కు పరిశ్రమలో కోట్లు గడించిన పిమ్మట, ప్రపంచమున దాదాపు 2,500 గ్రంథాలయ భవనములకు ధనమిచ్చెను. అయితే ఊరివారు స్థలమిచ్చి, తన విరాళములో పదియవ వంతు సొమ్ము ఏటేట పన్నులనుండి ఖర్చుచేయుటకు ఒప్పుకొననిదే అతడు చిల్లిగవ్వయైన నీయకుండెను. అతని కార్మికులు తక్కువ కూలికి ఎక్కువ గంటలు పనిచేసిరనుట కూడ సత్యమే. చదువుటకు తీరిక లేనివానికి పుస్తకము లెందుకని ఆ కాలముననే కొందరు ప్రశ్నించిరి.

ఇక అవ్వ మాట మిగిలియున్నది. ఆమెకు ఇంగ్లీషు రాదు; తెలుగు పుస్తకము కావలెను. తెలుగువా రధికముగా నున్నచోట కొనవలసిన పుస్తకముల పేర్లు వ్రాసి గ్రంథపాలకున కీయవచ్చును. చదువువారు కలరని తెలిసినచో తెప్పించుటయు కలదు. లేనిచో మరియొక ఉపాయమున్నది. ఒక గ్రంథాలయమున లేని పుస్తకమును మరియొక గ్రంథాలయము నుండి ఎరువు తెప్పించుట అమెరికాలో వాడుక. అట్లు వెదకినచో తెలుగు పుస్తకములు షికాగో, విస్కాన్సిను మొదలగు విశ్వవిద్యాలయములలో కనబడును.

అవి అచ్చటికి చేరిన కథ చిత్రమైనది. 1950, 60 దశకములలో మనదేశమున తిండిగింజల కొఱత యుండెను. 1954 నాటి చట్టము ననుసరించి అమెరికా మనకు గోధుమలు పంపి, వెలను రూపాయలలో పుచ్చుకొనెను. ఆ రూపాయలు ఈ దేశముననే ఖర్చుకావలెను. అందులో కొంత సొమ్ముతో 1962 నుండి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారి దిల్లీ కార్యాలయము భారతీయ భాషలలో అచ్చైన పుస్తకములు కొని, ఓడలలో తమ దేశపు విశ్వవిద్యాలయములకు పంపెను. తెలుగు నవలలు, పద్యకావ్యములు, చిన్న ఊళ్లలో అచ్చైన కథల సంపుటములు సైతము ఆ విధముగా సముద్రము దాటినవి. అందుచేత మనయొద్ద చెదలపాలైన పుస్తకము కొన్ని వేళల అచ్చట చెక్కుచెదరక దొరకును. దరఖాస్తు పెట్టిన రెండు మూడు వారములకు అది తపాలాలో ఊరి గ్రంథాలయమునకు వచ్చును. మనుమరాలు కార్డు చూపి తీసికొనివచ్చి అవ్వ చేతిలో పెట్టును.