మొటిమల మచ్చలకు లేజర్: ఎప్పుడు, ఎవరికి?



ఎనిమిదో తరగతి దాటాక చాలామంది పిల్లల ముఖాల మీద మొటిమలు కనిపిస్తాయి. కొందరు గ్రూప్ ఫొటోలో వెనక్కి జరిగి నిలబడతారు. జవాబు తెలిసినా లేచి చెప్పడానికి మొహమాటపడతారు. "సెలవుల్లో లేజర్ చేయిస్తే పోతాయా, మేడమ్?" అని అడిగే తల్లులూ ఉన్నారు. లేజర్ ముఖ్యంగా ఉపయోగపడేది మొటిమలు తగ్గాక మిగిలే గుంటలకు. మొటిమలు ఇంకా వస్తుంటే ముందు కావలసింది మందు.

మొటిమ ఎందుకు వస్తుంది?

యుక్తవయసులో హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేస్తాయి. ఆ నూనె, మృతకణాలు కలిసి చర్మ రంధ్రాలను మూసేస్తాయి. లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు, చీము వస్తాయి. ఇది శుభ్రత లేక వచ్చే సమస్య కాదు. రోజుకు పదిసార్లు ముఖం కడిగినా తగ్గదు.

మరకా? గుంటా?

మొటిమ మానాక మిగిలే నల్లని, ఎర్రని మరకలు చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే తగ్గుతాయి. ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాయడం మంచిది. గుంటల సంగతి వేరు. వాపు వల్ల చర్మం లోపలి పొరలో కొలాజెన్ దెబ్బతిని అవి పడతాయి. మామూలు క్రీములతో పూడవు.

లేజర్ ఏం చేస్తుంది?

గుంటలకు ఎక్కువగా వాడేది ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్. దీని తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. చర్మంలోని నీరు ఈ కిరణాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది. జల్లెడ కన్నాల్లా సన్నని చుక్కల్లోనే గాయం అవుతుంది. వాటి మధ్య మిగిలిన మంచి చర్మం త్వరగా మాన్పుతుంది, కొత్త కొలాజెన్ పుడుతుంది.

ఒక్క సిట్టింగ్ సరిపోదు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో మూడు, నాలుగు సార్లు చేస్తారు. ప్రతిసారీ దాదాపు వారం పాటు ఎర్రదనం, పొట్టు ఉంటాయి. గుంటల లోతు తగ్గుతుంది కానీ పూర్తిగా మాయం కావు. మన చామనఛాయ చర్మానికి లేజర్ తర్వాత నల్లబడే అవకాశం ఎక్కువ. కాబట్టి ఫేర్‌వెల్‌కు వారం ముందు చేయించే పని కాదిది.

మొటిమలకే పనిచేసే లేజర్ కూడా ఉంది. నూనె గ్రంథుల మీద పనిచేసే 1,726 నానోమీటర్ల లేజర్‌కు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. అయినా పిల్లలకు మొదటి మెట్టు మందులే.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

• అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ వంటి పైపూత మందులు డాక్టర్ సలహాతో వాడాలి. ఫలితానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలకే మానేయొద్దు.
• పెద్ద గడ్డల్లా వస్తున్నా, గుంటలు పడటం మొదలైనా వెంటనే చర్మ వైద్యులకు చూపించండి.
• మొటిమలు గిల్లనివ్వొద్దు.
• మెడికల్ షాపులో అడిగి తెల్లబడే క్రీములు కొనొద్దు. కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ముందు తగ్గినట్టు కనిపించినా చర్మం పలచబడి, మొటిమలు మళ్లీ ఎక్కువవుతాయి.
• ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతుంటే లేజర్‌కు ముందే డాక్టర్‌కు చెప్పండి.
• లేజర్ బ్యూటీ పార్లర్‌లో వద్దు. చర్మ వైద్యంలో ఎం.డి. లేదా డిప్లొమా చేసిన డాక్టరేనా అని అడిగి తెలుసుకోండి.

చివరగా ఒక మనవి. బంధువుల ముందు "ముఖం చూడు ఎలా చేసుకున్నావో" అనకండి. ఆ మాట పిల్లల మనసులో చాలాకాలం ఉండిపోతుంది. మొటిమలున్నప్పుడే వైద్యం చేయిస్తే చాలామందికి లేజర్ అవసరమే రాకపోవచ్చు.

– ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం