ఎండకు జిగురేల వీడును?

వేసవి మధ్యాహ్నమున రామగుండములో ఎండన నిలిపిన కారు రేకుపై చేయి మోపలేము. కిటికీలపై జిగురుతో అంటించిన డోర్ వైజరు అంచులు అట్టి ఎండకే లేచును. ఊడిన పట్టీ రహదారిపై వెనుక వచ్చువారికి ప్రమాదకరము.

వేడికి ఈ వస్తువులు రెండును వ్యాకోచించును గాని, సమముగా కాదు. ఉష్ణోగ్రత 40 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగినచో మీటరు పొడవుగల ఉక్కు సుమారు అర మిల్లీమీటరు పెరుగును. ఆక్రిలిక్ ప్లాస్టిక్కు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగును. ఈ భేదమును మధ్యనున్న జిగురే భరించవలెను. పైగా వేడికి జిగురు మెత్తబడును.

పలుచని జిగురుపొర ఈ లాగుడుకు తాళలేదు. మిల్లీమీటరు మందముగల ఆక్రిలిక్ నురుగుపట్టీ తాను సాగి ఓర్చుకొనును. రేకుపై దుమ్ము, మైనపు పాలిషు పోవునట్లు స్పిరిటుతో తుడిచి, నీడలో గట్టిగా అదిమి అంటించి, మూడు దినములు కారును కడుగకుండుట మేలు.