40 లీటర్లా.. 60 లీటర్లా?

టూర్ ఖాయమైంది, టికెట్లు బుక్ అయ్యాయి, ఇక కొనాల్సింది బ్యాగు. ఆన్‌లైన్‌లో చూస్తే చిన్నదానికీ పెద్దదానికీ ధరలో మరీ తేడా కనపడదు. దాంతో చాలామంది ‘పెద్దదే కొనేస్తే పోలా, ఖాళీ ఉంటే ఉంటుంది’ అనుకుంటారు. చిక్కంతా అక్కడే. బ్యాగులో చోటు ఖాళీగా ఉండనే ఉండదు. మూడో జీన్సు, రెండో జత బూట్లు, ‘ఎందుకైనా మంచిది’ అని ఓ దుప్పటి.. అన్నీ ఎక్కేస్తాయి. ఆఖర్లో అమ్మ పెట్టే ఆవకాయ సీసా ఎలాగూ తప్పదు.

రోజూ కాలేజీకో ఆఫీసుకో వేసుకెళ్లే ల్యాప్‌టాప్ బ్యాగు 20-25 లీటర్లుంటుంది. ట్రావెల్ బ్యాగుల్లో చిన్నవంటే 35-40, పెద్దవంటే 60-70. ఈ లెక్క బుర్రకెక్కకపోతే ఇంట్లో ఖాళీ అయిన 25 కిలోల బియ్యం సంచి తీయండి. అందులో పట్టేది దాదాపు 30 లీటర్లు. తీసుకెళ్లాలనుకున్నవన్నీ దాన్లో కూరండి. మూతి కట్టగలిగితే 40 లీటర్ల బ్యాగు మీకు సుబ్బరంగా సరిపోతుంది.

‘పది రోజుల ట్రిప్ కదా, ఎలా సరిపోతుంది?’ అంటారా? నాలుగు రోజుల బట్టలుంటే, మధ్యలో ఓసారి ఉతుక్కుంటే పది రోజులైనా గడిచిపోతాయి. (జీన్సు మాత్రం ఒక్కటి చాలు. బరువెక్కువ, తడిస్తే ఓ పట్టాన ఆరదు.) అసలు చూసుకోవాల్సింది ఎన్ని రోజులని కాదు, ఆ బ్యాగును ఎక్కడ, ఎంతసేపు మోయాలని.

కేదార్‌నాథ్‌నే తీసుకోండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైలు, అక్కణ్నుంచి హరిద్వార్, ఆపైన ఘాట్‌రోడ్డు మీద సోన్‌ప్రయాగ్. సొంత వాహనాలు అక్కడే ఆగిపోతాయి. షేర్ జీపులో ఓ ఐదు కిలోమీటర్లు వెళ్తే గౌరీకుండ్. ఇక అక్కణ్నుంచి దాదాపు 16 కిలోమీటర్ల నడక. ఆ నడకలోనే ఇంచుమించు 1,600 మీటర్లు పైకెక్కాలి. గుడి ఉన్నది 3,500 మీటర్లు దాటిన ఎత్తులో. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఒట్టి చేతుల్తో నడిచినా ఆయాసమే. వీపున 12 కిలోలుంటే సగం దారికే కాళ్లు మొరాయిస్తాయి. తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే, లగేజీ కింద లాడ్జిలో పెట్టేసి రెయిన్‌కోటు, స్వెటర్, ఒక జత బట్టలు, మందులు, నీళ్లసీసాతో ఎక్కేస్తారు. బ్యాగు 40 లీటర్లదైతే సగం సామాను తీసి అక్కడ పెట్టి అదే తగిలించుకోవచ్చు. 60 లీటర్లదైతే పైకి తీసుకెళ్లడానికి ఇంకో చిన్న సంచి వెతుక్కోవాలి.

విమానంలోనూ చిన్నదానిదే పైచేయి. మన దేశీయ విమానాల్లో ఎకానమీ ప్రయాణికుల చేతి బ్యాగుకు పరిమితి సాధారణంగా 7 కిలోలు, సైజు 55×35×25 సెంటీమీటర్లు. ఆ కొలతల్లో 40 లీటర్లది ఇమిడిపోతుంది. పెద్దది చెక్-ఇన్‌లో వేయాల్సిందే. దిగాక బెల్టు దగ్గర ఎదురుచూపులు అదనం.

అలాగని పెద్ద బ్యాగు దండగని కాదు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, వంట సామాను మీరే మోసుకెళ్లే ట్రెక్ అయితే 60 లీటర్లు కావాల్సిందే. చలికాలంలో లద్దాఖ్ వెళ్లినా అంతే, ఒక్క జాకెట్టే సగం బ్యాగు మింగేస్తుంది. కానీ అలాంటి ట్రిప్పులు ఏడాదికెన్ని? అప్పటికి అద్దెకు తెచ్చుకుంటే పోతుంది. ఒక్కటే కొనే డబ్బులుంటే నా ఓటు 40కే.

ఏది కొన్నా వీలైతే షాపుకెళ్లి వేసుకుని చూడండి. ఖాళీ బ్యాగు ఎవరికైనా హాయిగానే ఉంటుంది. లోపల ఆరేడు కిలోలు పెట్టించి, పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. నడుము పట్టీ బొడ్డు మీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చోవాలి. అప్పుడే బరువు భుజాల నుంచి కిందికి దిగుతుంది. పొట్టిగా ఉండేవాళ్లకు చాలా పెద్ద బ్యాగుల్లో ఈ పట్టీ తుంటి కిందికి జారిపోతుంది, ఇక మోతంతా మెడ మీదే. వీపు భాగం పొడవు సర్దుకునే మోడల్ దొరికితే ఆ బాధ ఉండదు.

ఇంకోమాట. పెద్ద బ్యాగు చెక్-ఇన్‌లో వేస్తుంటే పవర్‌బ్యాంకు ముందే తీసి చేతిలో ఉంచుకోండి. చెక్-ఇన్ లగేజీలో దాన్ని అనుమతించరు.